చదువు మధ్యలో ఇంటిదారి
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశంలో చదువుకున్న అనుభవం నాలుగు మాటల్లో చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. మేము 'మేము' అంటున్నది గొప్పకు కాదు. 2022 మార్చిలో ఉక్రెయిన్ దేశం నుంచి ఈ ప్రాంతానికి కలిసి తిరిగివచ్చిన వాళ్లం ఆరుగురం. మాట్లాడేది ఒక్కరమే అయినా, ఏమి చెప్పాలన్నది ఆరుగురం కూర్చుని అనుకున్నాం. మాలో ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరు మన కుటుంబాల వాళ్లు కారు. ఒకరు రైతుల ఇంటి హిందూ అబ్బాయి, ఒకరు క్రైస్తవ సోదరుడు. ఆ దారిలో మేము వాళ్లను వేరుగా లెక్కపెట్టుకోలేదు కాబట్టి ఇక్కడా వేరు చేయము.

మేము బయలుదేరింది 2018లో. అప్పటికి మా ఊళ్లు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఉండేవి. ప్రయాణం నాడు ఇళ్లలో జరిగిన తతంగం మీకు తెలియనిది కాదు. దాదీ కుడిచేతికి ఇమామ్ జామిన్ కట్టింది. అమ్మ గోంగూర పచ్చడి, ఎండుమిర్చి కారం సీసాలకు గుడ్డ చుట్టి పెట్టెలో సర్దింది. అబ్బా ఏమీ మాట్లాడకుండా కాగితాల సంచిని మూడుసార్లు విప్పి చూశారు. వీధిలోని వాళ్లంతా వచ్చి "ఖుదా హాఫిజ్" అన్నారు, "పోయిరా నాయనా" అన్నారు. వెనుకటి రోజుల్లో బొంబాయి నుంచి ఓడలో హజ్జుకు వెళ్లే పెద్దలు ఇంటింటికీ తిరిగి, "తెలిసీ తెలియక ఏమైనా అని ఉంటే మాఫ్ చేయండి" అని అడిగి మరీ బయలుదేరేవారట. వీడ్కోలు అంటే అది. బాకీ మాటలు, బాకీ డబ్బులు ఏమీ మిగల్చకుండా వెళ్లడం.

ఈ ప్రసంగంలో మేము చెప్పబోయేది మాత్రం అలా చెప్పడానికి వీలుపడని వీడ్కోలు గురించి.

అక్కడ డాక్టరు చదువు ఆరేళ్లు, అంటే పన్నెండు సెమిస్టర్లు. సెప్టెంబరులో ఒకటి మొదలైతే, ఫిబ్రవరిలో రెండోది. సెమిస్టర్ అయ్యాక ఇంటికి రావడమంటే మాకు పండుగే. రెండు నెలల ముందునుంచే టిక్కెట్లు చూసేవాళ్లం. తమ్ముడికి చాక్లెట్లు, అమ్మకు శాలువా కొనేవాళ్లం. హాస్టలు గుమ్మంలో కూర్చునే ముసలమ్మకు తాళం అప్పగిస్తే, ఆమె పుస్తకంలో రాసుకుని, "త్వరగా రండి" అనేది. అలా వచ్చిపోవడం మాకు అలవాటైపోయింది.

2022 ఫిబ్రవరిలో మేము నాలుగో సంవత్సరంలో ఉన్నాం. విన్నిత్సియా మా ఊరు. ఆ నెల 15న మన రాయబార కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఉండవలసిన అవసరం లేనివారు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లే విషయం ఆలోచించండి అని దాని సారాంశం. "మరి అప్పుడే ఎందుకు రాలేదు?" అని ఈనాటికీ అడుగుతుంటారు. జవాబు చెప్పడం మా బాధ్యత. క్లాసులు జరుగుతూనే ఉన్నాయి. పోయిన క్లాసుకు తరువాత విడిగా హాజరై తీర్చుకోవాలి. టిక్కెట్టు ధర చూస్తే గుండె ఆగేది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంటి సంగతి మాకు తెలుసు.

ఆ ఏడు మిర్చి రైతు ఎట్లా నష్టపోయాడో ఈ సభలో వేరే చెప్పనక్కరలేదు. నల్ల తామర పురుగు పూతమీద పడి, చేలు చేలే ఎండిపోయాయి. మందుమీద మందు కొట్టినా ఆగలేదు. కొందరు తోటలు పీకేశారు. పత్తికి ధర బాగా పలికిందన్నా, మిర్చి వేసినవాడికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. మాలో ముగ్గురి ఇళ్లలో ఫీజు కట్టేది ఆ మిర్చి డబ్బుతోనే. అలాంటప్పుడు "టిక్కెట్టుకు డబ్బు పంపండి" అని అడగడానికి నోరు రాలేదు. "ఇక్కడంతా బాగానే ఉందమ్మా" అని ఫోనులో చెప్పాం. ఇంటివాళ్లూ "పంట బాగానే ఉంది నాయనా" అన్నారు. అటు వాళ్లు, ఇటు మేము, ఒకరినొకరం కాపాడుకుందామని ఒకే రకం అబద్ధం ఆడాం.

22వ తేదీన మన వాళ్లతో ఒక విమానం ఢిల్లీ చేరింది. 24, గురువారం తెల్లవారుజామున యుద్ధం మొదలైంది. గగనతలం మూసేశారు. మనవాళ్లకోసం కీవ్‌కు వస్తున్న ఎయిరిండియా విమానం దారిలోనే వెనక్కి తిరిగిపోయింది. సైరన్ మోగితే నేలమాళిగలోకి, ఆగితే పైకి, అదీ మా దినచర్య. శుక్రవారం ఆ నేలమాళిగలోనే నమాజు చేసుకున్నాం. అన్నం వండితే ఆరుగురికి కాక, పక్కన ఉన్నవాళ్లకూ పెట్టాం.

శనివారం బస్సు కుదిరింది. రుమేనియా సరిహద్దు సుమారు 300 కిలోమీటర్లు. అరగంటలో దిగండి, ఒక్కొక్కరికి ఒక్క సంచి అన్నారు. నాలుగేళ్ల సంసారంలో ఏది తీసుకోవాలి? సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, రొట్టె, నీళ్లు, ఒక రగ్గు. పుస్తకాలన్నీ బల్లమీదే వదిలేశాం. కారం సీసాలో సగం మిగిలే ఉంది.

హాస్టలు ముసలమ్మ గుమ్మంలోనే ఉంది. తాళాలు ఇవ్వబోతే తీసుకోలేదు. మీ గది మీదే, మీ దగ్గరే ఉంచుకోండి అన్నట్టు చెయ్యి ఊపింది. ఆపిల్ పళ్ల సంచి ఒకటి మా చేతిలో పెట్టింది. మా బ్యాచిలో చదివే అక్కడి కుర్రవాడు ఒకడు బస్సుదాకా సంచులు మోశాడు. ఆ దేశంలో సైనిక శాసనం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటరాదని అప్పుడు ఆంక్ష పెట్టారు. వయసు ఒకటే, చదువు ఒకటే. మేము బస్సెక్కాం, అతను కిందే ఉండిపోయాడు. "మళ్లీ కలుద్దాం" అనడానికి సిగ్గేసింది. క్షమాపణ అడుగుదామంటే దేనికని అడగాలి? వచ్చినన్ని మాటల్లో "జాగ్రత్త" అన్నాం. అతను నవ్వి మాకే జాగ్రత్త చెప్పాడు.

ఊరు దాటాక మేము ముసాఫిర్లమయ్యాం. నాలుగు రకాతుల నమాజు రెండే అయింది. ఇన్నాళ్లూ ఆ వెసులుబాటును మసాయిల్ పుస్తకంలో చదివామే గాని, దాని విలువ ఆ మంచులో తెలిసింది. సరిహద్దుకు కొన్ని కిలోమీటర్ల ముందే బస్సు ఆగిపోయింది. కార్ల వరుస కనుచూపు మేర ఉంది. నడిచాం. గేటు దగ్గర తోపులాట. మేమూ తోశాం, ఆ మాట దాచము. ఒక తల్లి చంటిబిడ్డతో నిలబడి ఉంటే, మాలో రైతుబిడ్డ వెనక్కి జరిగి ఆమెను ముందుకు పంపాడు. అది చూసి మిగిలినవాళ్లమూ జరిగాం. అతని వల్ల మాకు ఆ రాత్రి కాస్త పరువు మిగిలింది.

సిరెట్ అనే చోట రుమేనియాలో అడుగుపెట్టాం. ఎవరో తెలియని ఆడవాళ్లు వేడి సూపు, దుప్పట్లు, ఫోను సిమ్ములు చేతిలో పెట్టారు. పేరు అడగలేదు, మతం అడగలేదు. మువ్వన్నెల జెండా కట్టిన బస్సులో బుకారెస్టు చేరాం. అక్కడ ఉండగానే మార్చి 1న ఖార్కివ్‌లో సరుకులకోసం వరుసలో నిలబడిన కర్ణాటక విద్యార్థి ఒకరు చనిపోయారన్న వార్త వచ్చింది. ఆయనా మాలాగే నాలుగో సంవత్సరం. ఆ పూట ఎవరమూ తినలేదు. ఇక్కడ షబే మేరాజ్ రాత్రంతా మా తల్లులు జానమాజు మీదే కూర్చున్నారని తరువాత తెలిసింది.

ఆపరేషన్ గంగ పేరుతో ప్రభుత్వం 90 విమానాలు నడిపింది. అందులో 14 వైమానిక దళానివి. పోలండ్, రుమేనియా, హంగరీ, స్లొవేకియా, మోల్డోవా దేశాల మీదుగా మనవాళ్లు బయటపడ్డారు. ఆ ఫిబ్రవరి నుంచి మొత్తం సుమారు 22,500 మంది స్వదేశం చేరారు. ఆ లెక్కలో మేము ఆరుగురం. మాకు సాయపడినవారందరికీ ఈ వేదికమీద నుంచి సలాం చేస్తున్నాం.

ఢిల్లీ నుంచి గన్నవరం, గన్నవరం నుంచి మంగళగిరి, గుంటూరు మీదుగా ఇల్లు. చిలకలూరిపేట దారిలో కారు అద్దం దించగానే మిర్చి ఘాటు తగిలి అందరికీ దగ్గు వచ్చింది. డ్రైవరు నవ్వాడు. మాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కాని కల్లాలు మునుపటిలా లేవు. ఎర్రగా పరుచుకోవలసిన చోట చిన్న చిన్న కుప్పలు. పంట సంగతి అప్పుడు కళ్లారా చూశాం. దాదీ మా చేయి తడిమి చూసి, ఈసారి ఎవరూ ఇమామ్ జామిన్ కట్టలేదే అని బాధపడింది. అయినా కొంగున ముడివేసిన డబ్బు తీసి, గుమ్మంలోనే ఒక బీదామెకు ఇచ్చింది.

ప్రాణంతో వచ్చాం. అల్‌హమ్‌దులిల్లాహ్. అయితే కథ అక్కడితో అయిపోలేదు. నెల తిరగకుండానే ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగి మా ఊళ్లు కొన్ని పల్నాడులోకి, కొన్ని బాపట్లలోకి వెళ్లాయి. మా చదువు మాత్రం ఏ దేశంలో ఉందో తెలియలేదు. ఆన్‌లైనులో పాఠాలు మొదలయ్యాయి. పాఠం మధ్యలో సైరన్ వినిపిస్తే మాస్టరుగారు "క్షమించండి" అని దిగిపోయి, మళ్లీ వచ్చి చెప్పేవారు. మేము ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని వినేవాళ్లం. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ వేరే దేశాల కళాశాలల్లో చదువు కొనసాగించడానికి ఒప్పుకుంది. మాలో ముగ్గురు ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్ వెళ్లారు. ఇమామ్ బుఖారీ సమాధి ఉన్న ప్రాంతమది. ఇద్దరు ఇంట్లో వద్దన్నా ఉక్రెయిన్‌కే తిరిగి వెళ్లి పూర్తి చేశారు. ఆరో అతను వెళ్లలేకపోయాడు. మిర్చి పోయింది, అప్పు మిగిలింది, తండ్రికి ఒంట్లో బాగులేదు. ఇప్పుడతను గుంటూరు మిర్చియార్డులో గుమాస్తాగా ఉన్నాడు. ఈ సభకు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. సరిహద్దు గేటు దగ్గర వెనక్కి జరిగింది అతనే.

పెద్దలకు మా మనవులు మూడు.

మొదటిది. పిల్లల్ని విదేశం పంపేముందు ఏజెంటు మాట ఒక్కటే నమ్మకండి. వైద్య కమిషన్ 2021 నవంబరు 18న తెచ్చిన నిబంధనలు చదివించుకోండి. చదువు కనీసం 54 నెలలు, ఇంగ్లీషు మాధ్యమంలో, ఒకే సంస్థలో సాగాలి. అక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్, తిరిగి వచ్చాక ఇక్కడ మరో 12 నెలలు. వీటితో పాటు మన దేశంలో అర్హత పరీక్ష ఉంది. 300 మార్కులకు 150 రావాలి. రాసినవారిలో గట్టెక్కేది తక్కువమందే. కట్టే ఫీజుతో పాటు తిరుగు టిక్కెట్టు డబ్బు విడిగా దాచండి. దాన్ని దేనికీ ముట్టుకోకండి.

రెండవది. ఫోనులో నిజం చెప్పుకుందాం. పంట పోతే పోయిందనండి. భయమేస్తే భయమేస్తోందని చెప్పమని పిల్లలకు నేర్పండి. మా రెండు వైపుల అబద్ధం మమ్మల్ని తొమ్మిది రోజులు ఆలస్యం చేసింది.

మూడవది, ముఖ్యమైనది. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకరు, అప్పులపాలైనవారు ఒకరు. పరాయి దేశంలో చిక్కుకున్న విద్యార్థి బాటసారి కాడా? చదువుకోసం చేసిన అప్పుతో సగంలో ఆగిపోయినవాడు ఆ రెండవవాడు కాడా? ఎవరు ఏ వర్గంలోకి వస్తారో ఆలిములు తేల్చాలి, అడగవలసింది మనం. మన సంఘం ప్రతి రంజానుకూ పేద ఇళ్లకు సాయం చేస్తున్నది, సంతోషం. అందులోనుంచి కొంత 'ముసాఫిర్ నిధి' అని విడిగా తీయమని కోరుతున్నాం. మేము ఐదుగురం సంపాదనలో పడగానే మా వంతు వేస్తాం. ఇది ఈ సభ ముందు ఇస్తున్న మాట. మొదటి సాయం ఎవరికి అందాలో మేము చెప్పనక్కరలేదు.

ఇంకొక్క మాట. తిరిగివచ్చిన పిల్లల్ని "చదువు వదిలి వచ్చావటగా" అని పలకరించకండి. "క్షేమంగా వచ్చావా" అనండి. ఆ దేశం నుంచి రాలేని మా మిత్రుడిని అడగడానికి ఆ మాటే మాకు దక్కలేదు. మా దగ్గర ఉండిపోయిన ఆ హాస్టలు తాళాల్ని, తిరిగి వెళ్లిన ఇద్దరూ ముసలమ్మకు అప్పగించి, ఆనాడు చెప్పలేని ఖుదా హాఫిజ్ చెప్పి వచ్చారు. అందువల్ల మాకు కొంత మనశ్శాంతి.

 దారిలో ఉన్న ప్రతి ముసాఫిర్‌నూ అల్లాహ్ క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్. ఇంతటితో సెలవు తీసుకుంటున్నాం. వస్సలామ్.