ఢిల్లీ మనకెంత దూరం?

(చదువు కేంద్రంలో ఒక రాత్రి చెప్పిన మాటలు)

 

పొద్దంతా టమేటా తోటల్లో, బండ పనుల్లో, పాడి దగ్గర కష్టపడి వచ్చినారు. అందుకని ఈ రాత్రి పాఠం వద్దు. ఊరికే మాట్లాడుకుందాం. ఢిల్లీ గురించి మాట్లాడుకుందాం.

ఢిల్లీ ఎందుకంటారా? పోయిన వారం ఒక పెద్దమ్మ తన పుస్తకం తెచ్చి నా చేతికి ఇచ్చేసింది. “పాపా, సంతకం వచ్చింది. నాకు ఇది చాలు” అనింది. ఆమె కొడుకు సైన్యంలో జవాను. ఢిల్లీలో ఉద్యోగం. మూడేండ్లుగా “అమ్మా, ఒకసారి వచ్చి చూసిపో” అని పిలుస్తున్నాడు. ఆమె పోలేదు.

“ఎందుకు పోలేదమ్మా?” అని అడిగినాను.

“ఆ ఊరు మనది కాదు పాపా. రాజులది, మంత్రులది. యాడ చూసినా బోర్డులే అంట. చదవలేను. దారి తప్పితే ఎవరిని అడిగేది?” అనింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఢిల్లీ ఎవరిది? మనకు ఎంత దూరం? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్దామని వచ్చినాను. చదువుకునే రోజుల్లో నేను ఒకసారి ఆ ఊరు చూసినాను. చూసింది చెప్తాను. పుస్తకాల్లో చదివింది చెప్తాను.

దారి

ముందు దారి చెప్తాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లు రైలుకు బెంగళూరు పోవచ్చు. అక్కడ సాయంత్రం కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. సుమారు 2,400 కిలోమీటర్లు. రెండు రాత్రులు, ఒక పగలు ప్రయాణం. మూడో రోజు ఢిల్లీలో దిగుతాము.

దారిలో మన అనంతపురం, గుంతకల్లు వస్తాయి. తర్వాత మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ దాటుతాము. నేల రంగు మారుతుంది. మాట మారుతుంది. రాగి సంగటి పోయి గోధుమ రొట్టె వస్తుంది. ఇంత దూరం పోయినా మన దేశం దాటలేదు. చూసినారా, ఎంత పెద్ద దేశమో!

రాజుల ఊరు

ఢిల్లీ ఒక్క ఊరు కాదు. ఒకదాని పక్కన ఒకటి కట్టిన ఎన్నో ఊళ్లు. ఒక రాజు కట్టినాడు. ఇంకో రాజు వచ్చినాడు. పాతది వదిలి కొత్తది కట్టినాడు.

ఊరికి దక్షిణాన కుతుబ్ మీనార్ ఉంది. 1199 ప్రాంతంలో కుతుబుద్దీన్ ఐబక్ దాన్ని మొదలుపెట్టినాడు. ఆయన తర్వాత వచ్చిన ఇల్తుత్‌మిష్ పైకి లేపినాడు. ఎత్తు దాదాపు 73 మీటర్లు. లోపల 379 మెట్లు. ఇప్పుడు ఎవరినీ ఎక్కనీయరు. 1981 డిసెంబరు 4న లోపల దీపాలు ఆరిపోయినాయి. చీకట్లో తొక్కిసలాట జరిగింది. 45 మంది చనిపోయినారు. వాళ్లలో బడిపిల్లలు చాలామంది.

దాని దగ్గరే ఒక ఇనుప స్తంభం ఉంది. గుప్తరాజుల కాలం నాటిది. సుమారు 1,600 ఏండ్లుగా ఎండకు, వానకు నిలబడింది. తుప్పు పట్టి రాలిపోలేదు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన సన్నటి పొర ఏర్పడి కాపాడుతున్నదని శాస్త్రవేత్తలు చెప్తారు. స్తంభం మీద చంద్రుడు అనే రాజు పేరు చెక్కి ఉంది. మరి కొలిమి ముందు చెమట కార్చి దాన్ని చేసినవాళ్ల పేర్లు? అవి లేవు. అక్షరం రాజు చేతిలో ఉండింది. రాజు పేరే మిగిలింది.

ఆ ఇల్తుత్‌మిష్ కూతురే రజియా. ఆడది సింహాసనం ఎక్కేదేందని ఎందరో అడ్డం పడినారు. అయినా ఆమె 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలింది. ఎనిమిది వందల ఏండ్ల కిందట ఒక ఆడమనిషి ఏలిన ఊరు అది. గుర్తు పెట్టుకోండి.

తర్వాత మొగలాయిలు వచ్చినారు. షాజహాన్ రాజధానిని ఆగ్రా నుంచి ఢిల్లీకి మార్చినాడు. 1638లో ఎర్రకోట పని మొదలైంది. 1648లో ముగిసింది. కోట ఎదురుగా చాందినీ చౌక్ బజారు. దాన్ని కట్టించింది షాజహాన్ కూతురు జహనారా. ఆ ఒక్క వీధిలో నడిస్తే జైనుల గుడి కనబడుతుంది. శివుడి గుడి కనబడుతుంది. చర్చి, సిక్కుల గురుద్వారా, మసీదు అన్నీ కనబడతాయి. గురుద్వారాలో ఎవరు పోయినా అన్నం పెడతారు. నీ కులమేమి, మతమేమి అని అడగరు. అందరూ కింద ఒకే వరుసలో కూర్చోవాలి. ఇది నేను కళ్లారా చూసినాను. ఆ వరుసలో కూర్చుని తిన్నాను.

1857లో సిపాయిలు తెల్లవాళ్ల మీద తిరగబడినారు. ముసలి రాజు బహదూర్ షాను నాయకుణ్ణి చేసుకున్నారు. ఓడిపోయినారు. తెల్లవాళ్లు ఆ రాజును అదే ఎర్రకోటలో విచారించి, బర్మాలోని రంగూనుకు పంపేసినారు. ఆయన 1862లో అక్కడే చనిపోయినాడు. స్వతంత్రం వచ్చినాక 1947 ఆగస్టు 16న అదే కోట మీద నెహ్రూ మన జెండా ఎగరేసినాడు. ఇప్పుడు ప్రతి ఆగస్టు 15న ప్రధానమంత్రి అక్కడి నుంచే మాట్లాడతారు.

మదనపల్లె పాట

ఇప్పుడు అసలు సంగతి. జాగ్రత్తగా వినండి.

తెల్లవాళ్లకు ముందు రాజధాని కలకత్తా. 1911 డిసెంబరు 12న ఇంగ్లండు రాజు ఢిల్లీలో దర్బారు చేసినాడు. ఇకమీదట ఢిల్లీయే రాజధాని అని ప్రకటించినాడు. కొత్త ఢిల్లీ కట్టడానికి దాదాపు ఇరవై ఏండ్లు పట్టింది. 1931లో దాన్ని ప్రారంభించినారు.

అదే 1911 డిసెంబరులో, 27వ తేదీన, కలకత్తాలో కాంగ్రెసు సభ జరిగింది. ఆ సభలో ఒక పాట పాడినారు. రవీంద్రనాథ ఠాగూరు బెంగాలీలో రాసిన పాట. అదే జనగణమన.

ఏడేండ్లు గడిచినాయి. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మన మదనపల్లెకు వచ్చినారు. ఎక్కడ దిగినారు? అనీబిసెంటు 1915లో పెట్టిన కాలేజీలో. ఈ పొద్దు మనం బి.టి. కాలేజీ అంటామే, అదే. అప్పుడు ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండు దేశస్తుడు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్. ఆమెకు సంగీతం బాగా వచ్చు.

ఒక సాయంత్రం అందరూ కూడినప్పుడు ఠాగూరు ఆ పాట పాడినారు. పిల్లలు గొంతు కలిపినారు. మార్గరెట్ అమ్మ ఆ రాగాన్ని స్వరాలుగా కాగితం మీద రాసుకున్నారు. ఠాగూరు మదనపల్లెలోనే ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చి తన చేత్తో రాసిచ్చినారు. తేదీ 1919 ఫిబ్రవరి 28.

1950 జనవరి 24న ఢిల్లీలో రాజ్యాంగ సభ కూర్చుంది. జనగణమన మన జాతీయ గీతమని ప్రకటించింది. ఎర్రకోట ముందు జెండా ఎగిరినప్పుడల్లా దేశమంతా నిలబడి వినే పాట అది. ఆ రాగాన్ని మన ఊళ్లో కాగితం మీద రాసుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఢిల్లీ మనకు ఎంత దూరం?

ఆ మార్గరెట్ అమ్మ గురించి ఇంకొక మాట. ఆడవాళ్లకు ఓటు కావాలని 1917లోనే తెల్లదొరల ముందు అడిగిన వాళ్లలో ఆమె ఒకరు.

మన ఓటు పోయే ఇల్లు

ఢిల్లీ నడుమ ఒక గుట్ట మీద రాష్ట్రపతి భవన్ ఉంది. 340 గదులు. తెల్ల వైస్రాయి కోసం కట్టినారు. స్వతంత్రం వచ్చినాక రాష్ట్రపతికి ఇచ్చినారు. మన రాయలసీమ మనిషి, అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి, 1977 నుంచి 1982 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు.

దాని దగ్గరే పార్లమెంటు. పాతది గుండ్రటి కట్టడం. చుట్టూ 144 స్తంభాలు. 1927లో ప్రారంభించినారు. కొత్తది 2023 మే 28న ప్రారంభించినారు. లోక్‌సభకు దేశమంతటి నుంచి 543 మందిని ఎన్నుకుంటాము. మదనపల్లె, పుంగనూరు వాళ్ల ఓట్లు రాజంపేట సీటుకు పోతాయి. కుప్పం వాళ్ల ఓట్లు చిత్తూరు సీటుకు పోతాయి. అంటే ఆ ఇంట్లో మనకు రెండు కుర్చీలు ఉన్నాయి. ఎవరు కూర్చున్నా మనం పంపితేనే కూర్చుంటారు.

పాత పార్లమెంటులోనే మన రాజ్యాంగం రాసినారు. రాసిన సభలో ఒక తెలుగు ఆడపడుచు ఉండింది. పేరు దుర్గాబాయి. రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేండ్లకే పెండ్లి చేసినారు. పెద్దయినాక ఆ పెండ్లి వద్దని చెప్పి, పట్టుబట్టి చదువుకుంది. లాయరయింది. చదువు ఆగిపోయిన ఆడవాళ్ల కోసం జీవితమంతా పని చేసింది. ఢిల్లీలో తెలుగు పిల్లల కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది. ఆ బడులు ఈ పొద్దుకీ నడుస్తున్నాయి.

తెల్లవాళ్ల కాలంలో ఆస్తి ఉంటేనో, చదువు ఉంటేనో ఓటు. మన రాజ్యాంగం అట్ల అనలేదు. చదివినవాళ్లకూ ఒక ఓటే, చదవనివాళ్లకూ ఒక ఓటే అని రాసింది. మనల్ని నమ్మి రాసింది. ఆ నమ్మకం మనం నిలబెట్టుకోవాలి గదా.

ఎట్ల నిలబెట్టుకునేది? అక్కడ చేసే చట్టం మన చేతికి కాగితంగా వస్తుంది. 2005లో సమాచార హక్కు చట్టం చేసినారు. మన ఊరి రోడ్డుకు ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది అని రాసి అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ అడగాలంటే రాయాలి. జవాబు వస్తే చదవాలి. సంతకం ఒక్కటి వస్తే సరిపోతుందా? ఎదుటివాడు రాసిన కాగితం కింద సంతకం పెట్టడం వేరు. చదివి పెట్టడం వేరు.

పేర్లు రాసిన గోడలు

ఢిల్లీలో ఇండియా గేట్ ఉంది. ఎత్తు 42 మీటర్లు. తెల్లవాళ్ల యుద్ధాల్లో చనిపోయిన మన సిపాయిల కోసం కట్టింది. పదమూడు వేలకు పైగా పేర్లు దాని మీద చెక్కినారు. స్వతంత్రం తర్వాత ప్రాణమిచ్చిన జవాన్ల కోసం 2019లో పక్కనే జాతీయ యుద్ధ స్మారకం కట్టినారు. అక్కడ గుండ్రటి గోడల మీద పేర్లు రాసి ఉన్నాయి. ఒక ముసలాయన ఆ గోడ ముందు నిలబడి, ఒక పేరు మీద వేలు పెట్టి, అట్లే ఉండిపోయినాడు. నేను ఆయనను ఏమీ అడగలేదు.

గాంధీగారు చనిపోయిన చోటూ చూసినాను. 1948 జనవరి 30న ప్రార్థనకు నడిచిపోతుండగా కాల్చినారు. ఆ వీధికి ఆ తేదీనే పేరు పెట్టినారు. తీస్ జనవరి మార్గ్. తీస్ అంటే హిందీలో ముప్పై. ఆయన నడిచిన అడుగులను నేల మీద గుర్తుగా పెట్టినారు. ఉన్నట్టుండి ఒక చోట ఆ అడుగులు ఆగిపోతాయి. దహనం చేసిన చోటు రాజ్‌ఘాట్. అక్కడ ఒక నల్లరాతి దిమ్మె. మీద హే రామ్ అనే మాట. అంతే.

నాలుగు లిపుల బోర్డు

చివరగా నా సొంత సంగతి. ఢిల్లీ వీధుల్లో ఒక్కొక్క బోర్డు మీద నాలుగు లిపులు ఉంటాయి. హిందీ, ఇంగ్లీషు, పంజాబీ, ఉర్దూ. నేను టీచరు ట్రైనింగు చదివినదాన్ని. అయినా రెండు లిపుల్లో ఒక్క అక్షరం తెలియలేదు. పలక పట్టకముందు మీకు ఎట్ల ఉండిందో ఆ పొద్దు నాకు తెలిసింది. చదువు రానిచోట ఎవరైనా నిరక్షరాస్యులే. ఇందులో సిగ్గు లేదు. మన కుప్పం బజారులో మనిషి తెలుగులో బేరమాడి, తమిళంలో తిట్టి, కన్నడంలో నవ్వుతాడు. నేర్చుకునే బుద్ధి మనకు కొత్త కాదు.

దారి తప్పితే? అడగాలి. మెట్రో రైలు 2002లో మొదలైంది. దారులకు రంగులు పెట్టినారు. ఎరుపు, పసుపు, నీలం. రంగు చూసి, అంకె చదివి పోవచ్చు. అశోకా రోడ్డులో ఆంధ్రప్రదేశ్ భవన్ ఉంది. అక్కడ తెలుగు మాట వినబడుతుంది. మన భోజనం దొరుకుతుంది. ఆ భోజనం కోసం వేరే రాష్ట్రాలవాళ్లు కూడా వరుస కడతారు!

మన పుంగనూరు ఆవు కూడా ఢిల్లీ చేరింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో ఆయన వాటికి మేత పెట్టిన ఫొటోలు అందరూ చూసినారు. మన టమేటా పోతుంది, మన ఆవు పోతుంది. మనం పోలేమా?

ఆ పెద్దమ్మ ఈ రాత్రి వచ్చింది. అదిగో, వెనక గోడ దగ్గర కూర్చుంది. నిన్న ఆమె ఇంటికి పోయినాను. కొడుకు టికెట్టు తీసి పంపినాడు. “నువ్వు చదువు పాపా” అనింది. “నువ్వే చదువమ్మా” అన్నాను. వేలు పెట్టి, కూడబలుక్కుని, బోగీ అంకె చదివింది. సీటు అంకె చదివింది. తేదీ చదివింది. పేరు ఇంగ్లీషులో ఉంది. అది మాత్రం రాలేదు.

“ఇది ఎప్పుడు నేర్పిస్తావు?” అని అడిగింది.

పుస్తకం తిరిగి ఆమె చేతికి ఇచ్చినాను. ప్రయాణానికి ఇంకా ఇరవై రోజులుంది. రేపటి నుంచి ఇంగ్లీషు అక్షరాలు మొదలు. రావాలనుకున్న వాళ్లందరూ రండి.

సెలవు.

మాట్లాడుకుందాం

1. జనగణమన పాటకూ మదనపల్లెకూ ఉన్న సంబంధం ఏమి?
2. మీ ఓటు ఏ లోక్‌సభ సీటుకు పోతుంది?
3. ఇనుప స్తంభం చేసినవాళ్ల పేర్లు ఎందుకు మిగలలేదు?
4. చదవకుండా సంతకం పెట్టి మీరు ఎప్పుడైనా నష్టపోయినారా? నలుగురికీ చెప్పండి.
5. దూరాన ఉన్న మీ వాళ్లకు నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి.