ధ్వనుల పోపులపెట్టె

దీపం లేకపోయినా ఇల్లాలి చేయి పోపులపెట్టెలో తిన్నగా ఆవాల గిన్నె మీదికే పోతుంది. ఎవరైనా జీలకర్ర గిన్నెలో మెంతులు పోసి ఉంచితే, ఆనాటి చారు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ సాయంకాలం నేను ముచ్చటించబోయే యంత్రం కూడ ఒక పోపులపెట్టె వంటిదే. అందులో ఉండేవి దినుసులు కావు, ధ్వనులు. దానిని శాంప్లర్ అంటారు.

లోకంలోని చప్పుళ్లను పట్టి వాటితోనే సంగీతం కూర్చడం రేడియోవారికి కొత్త కాదు. 1948లో పారిస్ రేడియోలో పనిచేస్తున్న పియేర్ షేఫెర్ రైలుబండ్ల చప్పుళ్లను రికార్డు చేసి, వాటిని ముక్కలు ముక్కలుగా పేర్చి ఒక రచన వినిపించినాడు. 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వెలువడిన ఫెయిర్‌లైట్ యంత్రం ఆ పనిని అంకెల సాయంతో చేసినది. 1988లో జపాను దేశపు అకాయ్ సంస్థ ఎస్ 1000 అనే శాంప్లర్‌ను తెచ్చినది. అది ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను దాచుకుంటుంది. హార్మోనియం మెట్ల వంటి మెట్లు గల పలకను దానికి తగిలించి, ఒక మెట్టు నొక్కితే ఆ ధ్వని పలుకుతుంది.

అయితే దానికి మొదట ఇచ్చిన 2 మెగాబైట్ల జ్ఞాపకంలో, స్టీరియో కాని ధ్వని పూర్తి నాణ్యతతో 24 సెకన్లైనా పట్టదు. కరెంటు తీసివేస్తే అదీ పోతుంది. ముందే ఫ్లాపీ మీద దాచుకోవాలి. ఒక్కొక్క ధ్వనికి పెట్టే పేరు 12 అక్షరాలు మించరాదు. అవీ ఇంగ్లీషు పెద్దక్షరాలే.

ఆ పేరు విలువ నాకు నష్టపడిన తరువాత గాని తెలియలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నాటకం కోసం, మిత్రుని వద్ద అరువు తెచ్చిన శాంప్లర్‌లో ఆరు వానలు ఎక్కించినాను. వాటిలో ఒకటి మా అమ్మమ్మగారి తాటాకు ఇంటి మీద కురిసిన వాన. ఒక రాత్రంతా మేలుకొని పట్టినది. పేర్లు మాత్రం వాన 1, వాన 2 అని వరుసగా పెట్టి ఊరుకున్నాను. నాటకంలో పేదరైతు గుడిసె మీద రేకులకప్పు వాన దడదడలాడినది. “బాబూ, ఆ గుడిసెకు రేకులు ఎప్పుడు వేయించినారు?” అని ఒక శ్రోత ఉత్తరం వ్రాసినారు. అది నవ్వుకొని మరచిపోదగినదే. కాని తరువాత చోటు చాలక, అక్కరలేనిదని తలచి నేను చెరిపివేసినది ఆ తాటాకు వాననే. ఫ్లాపీ మీద కూడ దాని చోట మరొకటి వ్రాసివేసినాను. ఇప్పుడు ఆ ఇంటికి సిమెంటు కప్పు. ఆ వాన మరల దొరకలేదు.

ఇట్టి పొరపాట్లు తగ్గించుకొనడానికి సంపాదక సాఫ్ట్‌వేర్ తోడ్పడుతుంది. 1985లో డిజిడిజైన్ సంస్థ వెలువరించిన సౌండ్ డిజైనర్ తొలినాటి వాటిలో ఒకటి. యంత్రపు చిన్న కిటికీలో కష్టపడి చూడవలసిన ధ్వని, కంప్యూటరు తెరమీద కొండల బారు వలె కనిపిస్తుంది. ముందు వెనుకల నిశ్శబ్దం కత్తిరించవచ్చు. మూడు సెకన్ల వేణునాదాన్ని పది సెకన్లు నిలపవలెనంటే, నడిమి భాగాన్ని చక్రం వలె తిప్పవచ్చు. అతుకు మాత్రం అల మధ్యరేఖను దాటే చోట పడాలి. లేకుంటే ప్రతి తిరుగుడుకూ ‘టిక్కు’మంటుంది.

తరువాతది అమరిక. ఒకే వీణాస్వరాన్ని అన్ని మెట్లకూ సాగదీస్తే, పైన ఆటబొమ్మ గొంతు, క్రింద గోలెం మ్రోత వినిపిస్తాయి. కాబట్టి మూడు నాలుగు మెట్లకు ఒక స్వరం చొప్పున విడిగా రికార్డు చేసి, ఏది ఏ మెట్టు నుండి ఏ మెట్టు వరకు పలకాలో తెరమీద గీతలు గీసినట్లు నిర్ణయించాలి. ఆ గుంపులన్నీ కలిసి ఒక వాద్యమవుతాయి. సిద్ధమైన దానిని యంత్రానికి తిరిగి పంపడం మాత్రం ఆనాడు ఓపిక పరీక్షే. మిడి తీగ గుండా ఒక్క సెకను ధ్వనిని పంపడానికి ముప్పాతిక నిమిషం పట్టేది. ఆ నిరీక్షణలోనే, ఇది దాచదగినదా కాదా అని ఆలోచించుకొనేవారము.

నేడు గోరంత కార్డులో వేల ధ్వనులు పడుతున్నాయి. చోటుకు కరవు లేదు; ఆలోచనకు తీరిక లేదు. మీ ఇంటి ఫోనులో కూడ తాతగారి దగ్గు, పాపాయి తొలి పలుకు, పెరటి కోయిల, ఏవో తేదీల అంకెల క్రింద దాగి ఉంటాయి. అందుచేత మూడు మాటలు మనవి చేస్తాను. రికార్డు చేసిన నాడే పేరు పెట్టండి. అది ఏమిటో, ఎక్కడిదో, ఎప్పటిదో ఆ పేరులో ఉండనీయండి. రెండవ ప్రతి వేరొక చోట ఉంచి, మొదటిది విని చూసిన తరువాతనే ఏదైనా చెరపండి.

యంత్రానికి అన్ని వానలూ అంకెలే. ఏది అమ్మమ్మగారి ఇంటి వానో దానికి చెప్పవలసినవారము మనమే.