జెంటూ అంటే మనమే

ఈ పూట ఒక్క మాట గురించే చెబుతాను. ఆ మాట జెంటూ. మనలో కంప్యూటర్ ఉద్యోగాలు చేసేవాళ్లకు అదొక లినక్స్ పేరు. దానికి ఆ పేరు జెంటూ పెంగ్విన్‌ను బట్టి వచ్చింది. పెంగ్విన్లన్నిట్లో వేగంగా ఈదేది అదే. కానీ రెండు వందల ఏళ్ల కిందట మద్రాసులో ఇంగ్లీషు దొర నోట ఈ మాట వచ్చిందంటే, అది మన గురించే. జెంటూలంటే తెలుగువాళ్లు, జెంటూ అంటే తెలుగు.

ఇంగ్లీషువాళ్లకు ఈ మాట పోర్చుగీసుల నుంచి వచ్చింది. పోర్చుగీసులు ఇక్కడి ముస్లింలను మూర్లన్నారు, హిందువులను 'జెంతియు' అన్నారు. అన్యమతస్థుడని అర్థం. దాని వెనుక ఉన్నది లాటిన్ 'గెన్స్', అంటే వంశం, తెగ. జెంటిల్‌మన్ కూడా ఆ ఇంటివాడే. వంశం గొప్పదైతే జెంటిల్‌మన్, మతం వేరైతే జెంటూ! ఇంకో తమాషా ఏమిటంటే, మనం వాడే 'జనం', 'జన్మ' కూడా ఆ గెన్స్‌కు దూరపు చుట్టాలే.

మొదట్లో ఇది హిందువులందరికీ పేరు. 1776లో హాల్‌హెడ్ అచ్చువేసిన 'ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్' హిందూ ధర్మశాస్త్రాల సంకలనం. వారన్ హేస్టింగ్స్ కలకత్తాలో పండితుల చేత కూర్పించినది పారసీలోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగుకూ దానికీ సంబంధం లేదు. మద్రాసులో మాత్రం తమిళులు మలబారులయ్యారు, మనం జెంటూలమయ్యాం.

పేరు మారుతున్న కాలం పుస్తకాల అట్టల మీదే కనిపిస్తుంది. 1816లో క్యాంబెల్ తన వ్యాకరణానికి 'తెలుగు' అనే పేరు పెట్టి, దాన్నే జెంటూ అంటారని పక్కన చేర్చాడు. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ వాదించినది ఈ పుస్తకం ముందుమాటలోనే. మరుసటి ఏడు విలియం బ్రౌన్ వేసిన వ్యాకరణం మీద మళ్లీ జెంటూ అనే ఉంది. ఈయన మన సి. పి. బ్రౌన్ కాదు. సి. పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువుకు తెలుగు అనే పేరు.

చివరగా ఒక మనవి. లండన్‌లోనో అమెరికా విశ్వవిద్యాలయాల్లోనో పాత తెలుగు పుస్తకాలు, కంపెనీ కాగితాలు వెతికేవాళ్లు మన మధ్య ఉన్నారు. 'తెలుగు' అని వెతికి ఏమీ దొరకలేదని వెనక్కి రాకండి. ఒకసారి 'జెంటూ' అని కూడా వెతకండి.