వాళ్ల మాట కూడా తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



మమ్మల్ని వికలాంగుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చూపు లేనివాళ్లు, నడక కష్టమైనవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు, కొందరు లీడర్లుగా కూడా చేస్తున్నారు. వాళ్ల సంగతి వాళ్లే మా కంటే బాగా చెప్తారు. మేము సమావేశంలో అసలు కనబడనివాళ్ల గురించి చెప్తాం. చిన్నప్పటి నుంచి ఎదుగుదల ఆలస్యమైనవాళ్లు, బుద్ధిమాంద్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ అని డాక్టర్లు సర్టిఫికెట్‌లో రాసేవాళ్లు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామందికి బుద్ధిలో ఏ లోపమూ ఉండదు, మాట, నడక మాత్రమే కష్టం. కానీ ఊళ్లో అందరికీ కలిపి ఒకటే పేరు పెడతారు. ఆ పేరు ఈ మైకులో చెప్పడం మాకు ఇష్టం లేదు.

అట్లాంటి ఆడపిల్ల రేషన్ కార్డులో ఉంటది. పింఛను లెక్కలో ఉంటది. సంఘంలో మాత్రం ఉండదు. "దానికేం తెలుసు, వాళ్లమ్మ ఉంది కదా" అంటారు.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం పిల్ల జీవంజి దీప్తి పేరు మీరంతా విన్నారు. కూలి పని చేసుకునే ఇంటి పిల్ల. బుద్ధి ఎదుగుదల లోపం ఉన్నవాళ్ల విభాగంలో 400 మీటర్లు పరుగెత్తి, 2024లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ రికార్డుతో బంగారు పతకం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది. చిన్నప్పుడు ఆ పిల్లను ఊళ్లో ఎన్ని మాటలన్నారో పేపర్లలో వచ్చింది. పతకం వచ్చినంక అందరూ దండలు వేశారు. మంచిదే. మరి పరుగెత్తలేని పిల్లకు, పతకం తేలేని పిల్లకు మనలో కూర్చునే చోటు ఎట్లా వస్తది? మేము మాట్లాడేది ఆ పిల్ల కోసం.

చట్టం మన వైపే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ అందులో ఉన్నాయి. దాని 13వ సెక్షన్ మన సంఘాల వాళ్లు తప్పక తెలుసుకోవాలి. వికలాంగులకు మిగతావాళ్లతో సమానంగా ఆస్తి కలిగి ఉండే హక్కు, తమ డబ్బు వ్యవహారం తామే చూసుకునే హక్కు, బ్యాంకు అప్పు పొందే హక్కు ఉన్నాయని అందులో ఉంది. 14వ సెక్షన్ ప్రకారం గార్డియన్‌ను పెట్టాల్సి వచ్చినా, ఆ గార్డియన్ ఆ మనిషితో కలిసి నిర్ణయం తీసుకోవాలి, ఆ మనిషి ఇష్టం చూడాలి. పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం వాళ్లకు కేటాయించాలని, అందులో ఆడవాళ్లకు ముందు ఇవ్వాలని 37వ సెక్షన్‌లో ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ఇది వర్తిస్తది. ఓటు సంగతి కూడా చెప్పాలి. మతిస్థిమితం లేదని కోర్టు తేలిస్తే తప్ప ఓటు తీసెయ్యడానికి లేదు. డాక్టరు కాగితం చూపించి, ఇంటివాళ్లు వద్దన్నారని చెప్పి పేరు కొట్టెయ్యరాదు.

మన సంఘాల నియమాల్లో కూడా వీలుంది. మామూలుగా సంఘానికి పదిమంది కావాలి. వికలాంగుల సంఘానికి ఐదుగురు చాలని, అందులో మగవాళ్లు కూడా ఉండొచ్చని జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లో ఉంది. అయినా అందరికీ వేరే సంఘం పెట్టి పంపించడం మాకు అంతగా నచ్చదు. తన ఊళ్లో, తన వాడకట్టులో, తెలిసినవాళ్ల మధ్య కూర్చోవడమే మేలని మా అభిప్రాయం.

ఇక మా సంఘం సంగతి. మా సభ్యురాలి కూతురికి ఇరవై నాలుగేళ్లు. లెక్కలు రావు, మాట కొంచెం ఆగి ఆగి వస్తది. ఆమె పేరు మీదనే పొదుపు మొదలుపెట్టి సభ్యురాలిగా చేర్చుకున్నాం. ఆధార్ ఉంది, వైకల్య కార్డు తర్వాత తీసుకున్నాం. బ్యాంకులో ఆమెకు అప్పు రాయడానికి ఒక సారు ఒప్పుకోలేదు, తల్లి పేరు మీద రాయమన్నాడు. 13వ సెక్షన్ కాగితం పట్టుకుని మళ్లీ పోయినం. మూడోసారి పోతే పని అయింది.

అప్పు మేకల కోసం. "నాలుగు కొంటవా?" అని అడిగితే ఊఁ అంది. "పది కొంటవా?" అంటే దానికీ ఊఁ అంది. ఇట్లాంటివాళ్లలో చాలామంది, ఎదుటివాళ్లకు కోపం వస్తదేమోనని దేనికైనా ఊఁ అంటారు. దాన్ని ఒప్పుకోవడం అనుకోవద్దు. అందుకని నేల మీద గులకరాళ్లు పెట్టినం. ఒక్కొక్క రాయి ఒక్కొక్క మేక. "నువ్వు ఎన్ని తోలుకపోగలవు?" అని అడిగి ఊరుకున్నం. చానాసేపు చూసి రెండు రాళ్లు ఉంచుకుని మిగతావి మా వైపు జరిపింది. తల్లి నాలుగు అంటది, మేము నాలుగు రాద్దామని కూర్చున్నం. ఆమె రెండు అన్నది, తీర్మానంలో రెండే రాసినం. వాయిదాలు తప్పలేదు.

ఇప్పుడు హాజరు ఆమె చూస్తది. పేర్లు చదవలేదు కాబట్టి ఒక్కొక్కరికి ఒక బొమ్మ పెట్టినం: కుండ, మామిడికాయ, గొడుగు. బొమ్మ పక్కన గీత గీస్తది. సమావేశం ముందు రోజు సాయంత్రం ఇంటింటికీ పోయి చెప్పొస్తది. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఏ మొహమాటం లేకుండా అందరి ముందే అడుగుతది. ఆ పని మా లీడర్లు ఎవరికీ చాతకాలేదు.

చేర్చుకోవాలనుకునే సంఘాలకు మాకు తెలిసింది చెప్తాం. ఒకేసారి రెండు ప్రశ్నలు అడగొద్దు. చిన్న మాటల్లో చెప్పి, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ మౌనం మనకు ఇబ్బందిగా ఉంటది గానీ ఆమెకు అది కావాలి. పక్కన సాయంగా ఒకరు కూర్చోవాలి, ఆ ఒకరు తల్లి కాకపోతే మంచిది, ఎందుకంటే తల్లి బిడ్డ కంటే ముందే జవాబు చెప్తది. కొందరికి అరుపులు, మైకు మోత పడవు, వాళ్లు లేచి బయటికి పోయి వస్తే తప్పు పట్టొద్దు. లీడర్లను ఎన్నుకునేటప్పుడు పోటీలో ఉన్నవాళ్ల ఫోటోలు పెడితే ఆమె వేలు పెట్టి చూపిస్తది.

తల్లులు మమ్మల్ని చాటుగా అడిగే మాట ఒకటుంది. "నేను పోయినంక నా బిడ్డకు ఎవరు?" దీనికోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది, గార్డియన్ దరఖాస్తును జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ చూస్తది. దరఖాస్తు పెట్టించే పని మన సామాజిక ఉపసంఘం చెయ్యొచ్చు. కానీ కాగితం మీది గార్డియన్ ఒక్కడే ఉంటాడు, వాడు మంచోడు కాకపోతే ఏంది? వారం వారం ఆ బిడ్డను చూసే పదిమంది ఆడవాళ్లు ఉంటే పొలం కాగితం మీద ఊరికే వేలిముద్ర వేయించుకోవడానికి ఎవడైనా జంకుతాడు. మేము సభ్యత్వం అడిగేది పొదుపు ఒక్కదాని కోసం కాదు.

తమిళనాడులో 2025లో ప్రతి స్థానిక సంస్థలోకి వికలాంగులను నామినేట్ చేసేటట్టు చట్టం సవరించారు. అక్కడ పంచాయతీలోనే కుర్చీ వేస్తుంటే, మన సమాఖ్యలో కుర్చీ వెయ్యడానికి ఏ చట్టమూ అవసరం లేదు.

ఈ మహాసభ ముందు మా సంఘం రెండు తీర్మానాలు పెడుతున్నది. ఒకటి, ప్రతి గ్రామ సమాఖ్య తన ఊళ్లో ఎదుగుదల లోపం ఉన్న పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్ల పేర్లు రాసి, చేరతారా అని వాళ్లనే అడిగి, మూడు నెలల్లో లెక్క ఇవ్వాలి. రెండు, మండల సమాఖ్య సామాజిక ఉపసంఘంలో అట్లాంటి సభ్యురాలు ఒకరు, ఆమెకు సాయంగా ఇంకొకరు ఉండాలి. సాయంగా వచ్చేవాళ్ల బస్సు చార్జీ కూడా సమాఖ్యే ఇవ్వాలి, లేకపోతే రెండో సమావేశానికే రావడం ఆగిపోతది.

మా హాజరు లీడరు మూడో వరుసలో కూర్చుంది. ఓటు పెట్టేటప్పుడు తీర్మానాన్ని కొంచెం నెమ్మదిగా, రెండుసార్లు చదవమని అధ్యక్షురాలిని కోరుతున్నాం.