మెడ మీద నలుపు, గోటి మీద గుంట



నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్రం చదువుకున్న మనిషిని. చర్మం, జుట్టు, గోళ్ళ గురించి మాట్లాడాలంటే వైద్యురాలిని పిలవాల్సిందని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ మూడింటినీ మన సమాజం ఆడవాళ్ళ విషయంలో ఎప్పుడూ అందం పద్దులోనే రాసింది. పెళ్ళిచూపుల్లో రంగు చూస్తారు, జడ చూస్తారు. శరీరం లోపల ఏం జరుగుతోందో అవి చెప్తుంటే మాత్రం వినేవాళ్ళుండరు. ఇందులో వైద్యం ఎంతుందో పితృస్వామ్యం కూడా అంతే ఉంది.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అంతకు కొన్ని దశాబ్దాల ముందు, ఈ చుట్టుపక్కల జొన్నే ప్రధానమైన తిండిగా బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే చోట, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి, మందమై, పొరలుగా ఊడేది. తర్వాత విరేచనాలు, ఆ తర్వాత మతి చెదరడం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకంఠయ్య దీన్ని పరిశోధించి, జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండడం ఒక కారణమని 1960లో రాశారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. జొన్న తప్ప మరొకటి కొనుక్కోలేని పేదరికం గురించి మాత్రం చర్చ అక్కర్లేదు. లోపలి ఆకలి ముందు కనపడింది మెడ మీదే.

ఇప్పుడు అదే నేల మీద మెడలు మళ్ళీ నల్లబడుతున్నాయి, కారణం వేరు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 మందికి స్థూలకాయం ఉంది. గంటల తరబడి కూచోవడం, రాత్రి షిఫ్టులు, వేళాపాళా లేని తిండి, ఇవన్నీ మనకు తెలిసినవే. కాలేయం మొదట్లో ఏ నొప్పీ పెట్టదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోతే శరీరం దాన్ని ఇంకా ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులినే చర్మకణాలను వేగంగా పెంచుతుంది. అందుకే మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలాంటి నల్లటి మందం వస్తుంది. అది మురికి కాదు. సున్నిపిండితో రుద్దినా, పీచుతో తోమినా పోదు, చర్మం గీరుకుపోతుంది. "సరిగ్గా స్నానం చెయ్యవా" అని తల్లులే కూతుళ్ళను తిట్టడం మనం వినలేదా?

ఆ అమ్మాయి మెడకు చున్నీ చుట్టుకుని లేజర్ క్లినిక్‌కి వెళ్తుంది. మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా ఈ క్లినిక్కులకు కొదవ లేదు. వేలకు వేలు కట్టించుకుని నలుపు తగ్గిస్తారు. నెలసరి సక్రమంగా వస్తోందా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నాయా, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడగాలి, రక్తపరీక్ష రాయాలి. అలా అడిగే డాక్టర్లు లేకపోలేదు. కానీ ఆ వ్యాపారం నిలబడేది ప్రశ్న మీద కాదు, ప్యాకేజీ మీద. గడ్డం మీద వెంట్రుకలైతే క్లినిక్ దాకా కూడా రావు, పార్లర్‌లో దారంతో తీసేస్తారు. (నన్నడిగితే పార్లర్‌లో పనిచేసే పిల్లలకు ఈ నాలుగు సంగతులూ నేర్పడం సగం ఆరోగ్య శిబిరాలకన్నా మేలు.) వయసు మళ్ళాక ఈ నలుపు ఉన్నట్టుండి వచ్చి, త్వరగా పాకి, అరచేతులకూ నోటికీ వస్తే మాత్రం లోపల క్యాన్సర్ ఉందేమో చూడాలి.

జుట్టు సంగతికొస్తే, లేడీస్ హాస్టళ్ళలో ఏ అమ్మాయినడిగినా బోరు నీళ్ళ వల్లే ఊడుతోందంటుంది. కాన్పు, డెంగ్యూ, టైఫాయిడ్, కడుపు మాడ్చుకుని సన్నబడడం, వీటిలో ఏది జరిగినా రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా రాలుతుంది. మధ్యలో అంత గడువు ఉండడంతో ఎవరూ రెండిటినీ ముడిపెట్టుకోరు. జుట్టుతోపాటు చర్మం పొడిబారి, కనుబొమల చివర్లు పలచబడి, నీరసంగా, చలిగా ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మంగు మచ్చల వ్యవహారం. చెంపల మీద మచ్చ రాగానే మంగు అనుకుని మందుల షాపులో ట్యూబు కొంటారు. అది లూపస్ కావచ్చు. ముక్కు మీదుగా రెండు చెంపలకూ సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుంటుంది, ఎండకు ఎక్కువవుతుంది, కీళ్ళ నొప్పులు, జ్వరం తోడవుతాయి. ఈ జబ్బు వచ్చేవాళ్ళలో పదికి తొమ్మిది మంది స్త్రీలే. తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పైన మచ్చ తగ్గినట్టే ఉంటుంది, లోపల మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. షాపుల్లో అది ఎంత అమలవుతోందో మీరే వెళ్ళి చూడండి. కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళకు, వాటిలోని పాదరసం వల్ల మూత్రపిండాల జబ్బు వచ్చిందని 2023లో బయటపడింది. రంగు పిచ్చి చర్మంతో ఆగలేదు.

ఇంకో చిక్కుంది. ఎర్రబడడం, పాలిపోవడం అని పుస్తకాలు వర్ణించేది ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మాన్ని. నల్లటి, చామనఛాయ చర్మం మీద ఎరుపు ఎరుపులా కనపడదు, ఊదాగానో, ఇంకా నల్లగానో ఉంటుంది. లండన్‌లో మలోన్ ముక్వెండే అనే వైద్య విద్యార్థి 2020లో తన అధ్యాపకులతో కలిసి నల్లటి చర్మం మీద జబ్బులెలా కనపడతాయో ఒక చిన్న పుస్తకం తెచ్చాడు. మన బొగ్గురంగు తల్లులకు మన భాషలో అలాంటిది కావాలి. స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చిన ఊరు ఇది, చెయ్యలేమా?

ఇక అద్దాల మేడలు తుడిచే ఆమె. ఆ 345 మందిలో ఆమె లేదు. కంపెనీవాళ్ళ వార్షిక ఆరోగ్య పరీక్ష ఉద్యోగులకు, ఏజెన్సీ ద్వారా వచ్చిన ఆమెకు కాదు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇనుము బాగా తగ్గిపోతే గోళ్ళు పలచబడి, విరిగి, చివరికి నీటిచుక్క నిలిచేంత గుంటపడతాయి. ఫినాయిలు వల్ల అనుకుంటుంది ఆమె. ఫినాయిలూ, సబ్బునీళ్ళూ గోటిచుట్టు చర్మాన్ని పాడుచేస్తాయి, నిజమే. గుంట మాత్రం ఇనుము లోపానిది కావచ్చు. అయినా గుంట పడేదాకా ఆగకూడదు, అది ఆలస్యంగా కనపడే గుర్తు. కింది కనురెప్ప లోపలి రంగు, మెట్లెక్కితే ఆయాసం, నెలసరి ఎన్ని రోజులుంటుందో, ఇవి ముందు అడగండి. కామెర్ల అనుమానముంటే ఒంటి పసుపు చూసి మోసపోకుండా కంటి తెల్లగుడ్డు చూడండి. స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష వెంటనే చేయించండి, మందులు ఉచితం.

కొండాపూర్‌లో ప్రభుత్వాసుపత్రి ఈ అద్దాల మేడల మధ్యే ఉంది. బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి, అక్కడ రక్తం ఇస్తే పరీక్షలు ఉచితం. లూపస్ లాంటివాటికి నిమ్స్‌లో ప్రత్యేక విభాగముంది. అయితే ఆమె పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఎక్కుతుంది, సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. రక్తపరీక్షకు వెళ్ళే రోజుకు జీతం కోయకూడదని ఏజెన్సీలనూ, వాళ్ళను పెట్టుకున్న కంపెనీలనూ అడిగే పని మన సంఘాలు మొదలుపెట్టాలి. ఎవరెవరు ఏ ఏ బిల్డింగుల్లో మాట్లాడగలరో భోజనాల తర్వాత కూచుని రాసుకుందాం.