ఆహారమునందలి వర్ణములు – ఉదరమునందలి సూక్ష్మజీవులు

(మన్ననూరున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యానిధిని గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ఉపన్యసించిన ఈ వేదికపై, ఒక వృద్ధోపాధ్యాయుడు పండ్లను, కూరలను గూర్చి పలుకబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని మనము సమావేశమైనది నల్లమల ముంగిటనున్న మన్ననూరున. నేరేడు, ఉసిరిక, తునికి పండ్లు పండు సీమ యిది. వీనిని చెంచుసోదరులు తరతరములుగా ఏరి భుజించుచున్నారు. మనమో, అడవికాయలని చులకన చేయుచున్నాము. మన పంక్తిభోజనముల విస్తళ్లను చూడుడు: తెల్లని వరియన్నము, వడలు, బూరెలు, అప్పడములు. వానియందు ఆకు లేదు, పండు లేదు. ఇందువలన మనము పోగొట్టుకొనుచున్న దేమియో విన్నవింతును.

నేరేడుపండు నాలుకను ఊదావన్నె చేయును. ఆ వన్నెకు కారణమైన ద్రవ్యమును శాస్త్రజ్ఞులు ఆంథోసయనిన్ అందురు. నల్లవంకాయ తోలునందును, గోంగూర ఎఱ్ఱకాడయందును ఈ జాతి ద్రవ్యములే కలవు. మునగాకు, క్యారెటు, బొప్పాయియందు కెరోటిన్‌ జాతివియు, టమాటయందు లైకోపీనును, పసుపునందు కుర్కుమినును ఉన్నవి. ఇవన్నియు వృక్షవర్ణకములు.

వీనిలో కెరోటిన్ కొంత మన దేహమున ఏ విటమినుగా మాఱి కంటికి మేలుచేయును. కొంచెము నూనెతో వండినచో అది చక్కగా ఒంటబట్టును. ఆంథోసయనిన్ గతి వేఱు. జీర్ణాశయమును, చిన్నప్రేగును దానిలో స్వల్పభాగమునే గ్రహించును. పెక్కుభాగము పెద్దప్రేగునకు చేరును. అచ్చట అసంఖ్యాకములగు సూక్ష్మజీవులు కాపురమున్నవి. ఒక్క మనుష్యదేహమున సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నవని 2016 నాటి గణన. దేహకణముల సంఖ్యయు ఇంచుమించుగా అంతయే. ఈ జీవులు ఆంథోసయనిన్‌కు అంటియున్న చక్కెరను విడదీసి, శేషమును చిన్న చిన్న ఆమ్లములుగా ఖండించును. అవి రక్తమున కలియును. అనగా పండును తినువారము మనము. దాని సారమును మనకు విడదీసి యిచ్చునవి ఆ జీవులు. వర్ణకములును తమవంతుగా కొన్ని హితకరజీవుల వృద్ధికి తోడ్పడునని పరిశోధనలు సూచించుచున్నవి. పండుతో కూడవచ్చు పీచును అవి పులియబెట్టి బ్యూటిరిక్ ఆమ్లమును చేయును; పెద్దప్రేగు లోపొరకు అది ముఖ్యాహారము. కావుననే వర్ణమును గుళికగా మ్రింగుటకంటె పండునే తినుట మేలు.

అందఱి ఉదరములును ఒక్కతీరున పనిచేయవు. దానిమ్మపండునందు వర్ణకములతోబాటు ఉండు ఎల్లాజిటానిన్లనుండి, కొందఱి సూక్ష్మజీవులు యూరోలిథిన్లను ద్రవ్యములను చేయగలవు; కొందఱివి చేయలేవు. పండు ఒకటియే, ఫలము వేఱు.

సంస్కృతము చదివినవాడనగుటచే ఒక మాట. చరకసంహిత విమానస్థానమున ఇరువదివిధములగు క్రిములు చెప్పబడినవి. సహజములగు క్రిములు ఆ లెక్కనుండి వేఱుచేయబడినవి. అవి వికారమును కలిగింపవని చక్రపాణిదత్తుని వ్యాఖ్య. ఇంతమాత్రమున ప్రాచీనులు బాక్టీరియాను ఎఱుగుదురని నేననను; సూక్ష్మదర్శిని లేనిదే అది అసాధ్యము. దేహమున వసించునదెల్ల శత్రువు కాదను వివేకము మాత్రము వారికి కలదు.

ఇక రెండు హెచ్చరికలు. ఈ పరిశోధనలలో పెక్కు జంతువులపైనను, గాజుపాత్రలయందును జరిగినవి. మనుష్యులపై జరిగినవానిలో చాలభాగము చిన్నవి. కావున మధుమేహమునకు వైద్యుడిచ్చిన మందు మాని నేరేడుగింజల పొడినే నమ్ముకొనుట ప్రమాదము. రెండవది, మిఠాయిలకు వేయు కృత్రిమపు రంగులు ఈ లెక్కలోనివి కావు. పసుపున కలుపు సీసపు రంగు విషమే.

ఈ మహాసభకు నా విన్నపములు మూడు. వచ్చు సంవత్సరపు పంక్తిభోజనమున ఒక బూరెను తగ్గించియైనను జొన్నరొట్టెయు, ఒక ఆకుకూరయు, ఋతువునకు తగిన ఒక పండును వడ్డింపవలయును. మన విద్యార్థుల వసతులందు పిల్లవాడొక్కనికి దినమునకు 400 గ్రాముల కూరగాయలును, పండ్లును అందునట్లు పోషకమహాశయులు చూడవలయును. పెద్దలకు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన కనీసపు కొలత యిదియే. అడవిపండ్లను ఏరి తెచ్చు చెంచుస్త్రీలతో బేరమాడక న్యాయమైన వెలనిచ్చి కొనవలయును. ఇది పులుల రక్షితారణ్యము. పక్షులకును, మృగములకును చెందవలసిన పాలును మనమాశింపరాదు.

నేరేడు తిని నాలుక ఊదాయైన పిల్లవానిని ఇకపై మందలింపకుడు. వాని కడుపులోని అతిథులకును విందు జరిగినదని ఎంచుడు.