వాగు తుప్పు, కుంచె రంగు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు ఆగ్నేయ కొండల్లో కొన్ని వాగులు జేగురు రంగులో పారతాయి. వానాకాలపు బురద కాదది. ఏనాడో బొగ్గు తవ్వి వదిలేసిన గనుల్లో పైరైటు ఖనిజానికి గాలీ నీరూ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ నీరు ఇనుమును కరిగించుకుని బయటికొస్తుంది. గాలి సోకగానే అది తుప్పుగా మారి వాగు అడుగున పేరుకుంటుంది. ఇక చేపలు బతకడం కష్టమే.

ఒహాయో విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించే జాన్ సబ్రా కన్ను ఆ తుప్పు మీదే పడింది. అక్కడే పనిచేసే ఇంజనీరు గై రీఫ్లర్ ఆమ్లాన్ని విరిచి, ఐరన్ ఆక్సైడును వేరుచేసే పద్ధతి రూపొందించారు. పసుప్పచ్చగా దిగిన పొడిని కాలిస్తే ఎరుపెక్కుతుంది. వేడి ఇంకా పెంచితే ఊదాకు తిరుగుతుంది. నూనెలో నూరితే తైలవర్ణం సిద్ధం! గాంబ్లిన్ అనే రంగుల కంపెనీ వీటిని ట్యూబుల్లో నింపి అమ్మింది కూడా.

సబ్రా ఈ రంగులతో వేసిన చిత్రాల్లో చాలా వాటికి గుండ్రటి అల్యూమినియం పలకలే ఆధారం. పల్చటి రంగు ఆరేకొద్దీ, వరద తీసిన ఒడ్డున ఒండ్రు మేటల్లా పొరలు తేలతాయి.

గనుల విధ్వంసాన్ని చూపే కళాకారులు చాలామందే ఉన్నారు. ఈ ఇద్దరిలా, రంగు అమ్మిన డబ్బుతో వాగు శుద్ధి ఖర్చు రాబట్టాలని లెక్కలేసేవారు మాత్రం అరుదు.